షుగర్ మిషన్ సూదితో హెచ్ఐవీ వస్తుందా? ఇదే భయంతో ఏడు నెలలు గడిపినవాడి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్త షుగర్ మిషన్ కొన్నారు. మొదటిసారి వేలికి గుచ్చుకునేటప్పుడు సూది మీది మూత మరీ తేలిగ్గా ఊడొచ్చింది. ముందే ఎవరో వాడి పెట్టారేమో, హెచ్ఐవీ వస్తుందా, ఐదు రోజులుగా నిద్ర లేదు అన్నారు. సూదిని ఫోటో తీసి ఉంచానని, కావాలంటే పెడతానని కూడా రాశారు. నేను డాక్టర్ని కాదండీ. మీలాగే ఆ చిన్న సూది పేరు చెప్పుకుని ఏడు నెలలు ఏడ్చినవాణ్ణి. ఆ అర్హతతోనే రాస్తున్నాను.

ముందు సూది సంగతి. డబ్బాలో మిగిలిన సూదుల్లో ఒకటి తీసి చూడండి. మూత, కింది ప్లాస్టిక్ ఒకే ముక్కగా పోత పోసి ఉంటాయి. మధ్యలో సన్నటి మెడ ఉంటుంది. తిప్పితే తెగేది అదే. అది మర మూత కాదు, ఒకసారి తెగితే మళ్లీ అతకదు. ఎవరో వాడేసి, మళ్లీ మూత బిగించి డబ్బాలో పెట్టడం కుదిరే పని కాదు. మెడ సన్నగా ఉన్నచోట తేలిగ్గానే తెగుతుంది, మీకు జరిగింది అదే. డబ్బా మీద స్టెరైల్ అని, పక్కన ఆర్ అక్షరం ఉందేమో చూడండి. ఉంటే రేడియేషన్‌తో క్రిములు లేకుండా చేశారని అర్థం. 2 అంకెను కొట్టేసిన గుర్తు కూడా ఉంటుంది, రెండోసారి వాడకూడదని. ఇక రక్తం చుక్క పెట్టే స్ట్రిప్‌లో ఉండేది చక్కెరతో చర్య జరిపే ఎంజైమ్. రక్తం వేలి నుంచి స్ట్రిప్‌లోకి పోతుందే తప్ప అందులోంచి వేలికి ఏదీ రాదు.

(2021లో కరోనా ఇంటి కిట్లు వచ్చినప్పుడు మా మేనత్త ముక్కులో పుల్ల పెట్టుకోనివ్వలేదు. కిట్లోనే వైరస్ పెట్టి అమ్ముతున్నారట! ఆ పట్టీ మీద ఉండేది వైరస్‌ని పట్టుకునే యాంటీబాడీలు, వైరస్ కాదు అని చెబితే, నీకు ఎవరు చెప్పారురా అంది.)

ఇక నా కథ. 2023 కనుమ రోజు, తెనాలి దగ్గర మా ఊళ్లో. మధ్యాహ్నం గారెలు, నాటుకోడి అయ్యాక మా అమ్మ షుగర్ మిషన్ బయటికి తీసింది. ఇంక చూడండి, అరుగు మీద వరస కట్టారు. మొదట బాబాయి, తర్వాత పెద్దమ్మ, తర్వాత నేను. నాకెంత, నాకెంత అని నవ్వులాట. 240 వచ్చిన బాబాయి మిషన్ పాడైందన్నాడు. సూది ఒకటే. అమ్మ ఒక్కొక్కరి తర్వాత దూదితో తుడిచి, ఆ సూది బిగించిన పెన్ను మళ్లీ నొక్కేది. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

హైదరాబాద్ వచ్చిన మూడో రోజు రాత్రి అనిపించింది. బాబాయి లారీ మీద పదేళ్లు తిరిగిన మనిషి. ఆ ఒక్క ఆలోచనతో మొదలైంది. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి గురించి అలా అనుకున్నందుకు సిగ్గు ఒక పక్క, భయం ఒక పక్క. గొంతు నొప్పి అనిపించింది. మెడ కింద బిళ్లలున్నాయా అని నొక్కి చూసుకున్నాను. రోజుకు ఇరవైసార్లు నొక్కితే ఎవరికైనా నొప్పి పుడుతుంది, ఆ నొప్పినే లక్షణం అనుకున్నాను. ఆఫీసు బాత్రూమ్‌లో ఫోన్ లైట్ వేసుకుని నాలుక చూసుకునేవాణ్ణి.

మూడు వారాలకు మొదటి పరీక్ష. ఆరు వారాలకు రెండోది. మూడు నెలలకు ఇంకోటి. గుర్తుపడతారని ప్రతిసారీ వేరే ల్యాబ్. అన్నీ నాన్ రియాక్టివ్, అంటే హెచ్ఐవీ లేదని. నిజానికి మూడోదానితోనే ఆగిపోవాలి. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష 45 రోజులు దాటాక నెగెటివ్ వస్తే సరిపోతుంది. వేలి చుక్కతో చేసే ర్యాపిడ్ పరీక్ష అయితే 90 రోజులు. ఈ లెక్కలన్నీ నాకు నోటికి వచ్చు. అయినా నాలుగోసారి వెళ్లాను, ఈసారి ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్ష చేసి సలహా ఇచ్చే కేంద్రం, ఐసీటీసీకి. అక్కడ పరీక్ష ఉచితం, పేరు బయటికి పోదు, ముందు కౌన్సెలర్ మాట్లాడతారు.

అక్కడి కౌన్సెలర్ మేడమ్ మొత్తం విని, పాత రిపోర్టులు పక్కన పెట్టి, "హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారా?" అని అడిగారు. నాకు మతి పోయింది. నాలుగు నెలల్లో ఆ మాట నా బుర్రలోకే రాలేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ల రక్తంతో ఉన్న సూది ఆసుపత్రి సిబ్బందికి గుచ్చుకున్నా అది అంటుకునే అవకాశం సగటున 0.3 శాతం. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి అలా కాదు. టీకా లేనివాళ్లకు 6 నుంచి 30 శాతం. ఎండిన రక్తంలో కూడా ఆ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. అమెరికా వృద్ధాశ్రమాల్లో షుగర్ చూసే పెన్నులు ఒకరివి ఒకరికి వాడి హెపటైటిస్ బి పాకిన సంఘటనలు ఉన్నాయి. అందుకే సూది మార్చినా సరే, పెన్ను కూడా ఎవరిది వాళ్లకే ఉండాలంటారు. మన దేశమంతటా పిల్లల టీకాల్లో ఇది చేరింది 2011లో. మన వయసువాళ్లలో చాలామందికి పడలేదు.

మా ఇంట్లో అందరికీ హెపటైటిస్ బి పరీక్ష చేయించాను, ఎవరికీ లేదు. నేను, మా ఆవిడ మూడు డోసులు వేయించుకున్నాం: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. అమ్మకు ఆమె పెన్ను ఆమెకే అని చెప్పాను. వచ్చే పండక్కి బాబాయి అలుగుతాడేమో అంది.

(మీకు సంబంధం లేదుగానీ, ఇది చదివేవాళ్లలో నిజంగా ఇంకొకరు వాడిన సూది గుచ్చుకున్నవాళ్లుంటే రక్తం పిండకండి, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. అవసరమైతే ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి.)

ఇంత తెలిశాక భయం పోయిందనుకుంటున్నారా? లేదు. మొదటి రిపోర్టు ఇచ్చిన ధైర్యం పది రోజులుంది. రెండోది నాలుగు రోజులు. ఐసీటీసీ రిపోర్టు ఆ సాయంత్రం వరకే, రాత్రికి "శాంపిల్ మారిపోయి ఉంటే?" అని లేచి కూర్చున్నాను. మా ఆవిడ అప్పుడు నన్ను సైకియాట్రిస్ట్ దగ్గరికి లాక్కెళ్లింది. పిచ్చా నాకు అని దారంతా పోట్లాడాను.

ఆయన దీన్ని హెల్త్ యాంగ్జయిటీ అన్నారు. హెచ్ఐవీ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. రోజుకు ఎన్నిసార్లు గూగుల్ చేస్తున్నావు, మెడ ఎన్నిసార్లు నొక్కుతున్నావు, మీ ఆవిడని ఎన్నిసార్లు అడుగుతున్నావు అని లెక్కలు అడిగారు. మందు రాసి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఇంకో పని కూడా చెప్పారు. భయం వచ్చినప్పుడల్లా నోట్‌బుక్‌లో రాసి పెట్టాలి, దాని గురించి ఆలోచించడం మాత్రం సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిది వరకే. మెడ ముట్టుకోకూడదు. మా ఆవిడకి వేరే పని పడింది: నేను "ఏం కాదు కదా?" అని అడిగితే జవాబు చెప్పకూడదు.

మొదటి వారం అన్నిటికంటే కష్టమైంది అదే. వంటింట్లో నిలబడి అడుగుతాను, ఆమె పోపు వేస్తూ "డాక్టర్ గారు చెప్పొద్దన్నారు" అంటుంది. కోపంతో ఒకసారి గ్లాసు విసిరేశాను. మూడో వారానికి అడగడం మర్చిపోయిన రోజు ఒకటి వచ్చింది. ఆగస్టుకి ఏడున్నరకి నోట్‌బుక్ తెరిస్తే రాసింది ఏమీ ఉండేది కాదు.

అంతదాకా రాకముందే ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. హెచ్ఐవీ సందేహాలకు 1097. రెండూ ఉచితమే. 1097కి ఒక్కసారి చేయండి, చెప్పింది వినండి, మళ్లీ చేయకండి.

ఇక ఆ ఫోటో సంగతి. దయచేసి పెట్టకండి. నేను చూసి ఏం కాదన్నా రాత్రి పది లోపు ఇంకో కోణంలో తీసిన ఫోటో పంపుతారు. నేనూ మా అమ్మ పెన్నుని వీడియో కాల్‌లో మూడు వైపుల నుంచి చూపించమన్నవాణ్ణే.