ల్యాప్‌టాప్‌లో పాడైంది ర్యామా, స్లాటా? ఎలా తేలుతుంది?

ఒక్కో ర్యామ్ స్టిక్‌ను (మెమరీ చిప్పులున్న చిన్న కార్డు) అది దూరే ఒక్కో స్లాట్‌లో విడిగా పెట్టి మెమరీ టెస్ట్ నడిపితే తేలిపోతుంది: ఎర్రర్లు స్టిక్ వెంట వస్తే ర్యామ్ పాడైనట్టు, ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తే మదర్‌బోర్డులో తేడా.

ర్యామ్ మొత్తం ఒకేసారి చెడిపోవాలని లేదు. లోపల కొన్ని సెల్స్ (డేటా దాచే చిన్న గడులు) చెడినా చాలు, ఏ ప్రోగ్రామ్ డేటా అక్కడ పడితే అది ఆగిపోవచ్చు. అందుకే ఒకరోజు బ్రౌజర్, ఇంకోరోజు ఎక్సెల్ మూసుకుపోయి, మధ్యలో నీలం స్క్రీన్ వస్తుంది. మెమ్‌టెస్ట్86 అనే మెమరీ టెస్ట్ సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అవుతుంది కాబట్టి విండోస్ అడ్డు లేకుండా దాదాపు ర్యామ్ అంతటినీ పరీక్షిస్తుంది. రాత్రంతా నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు.

ఒంగోలులో ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌లో రెండు 8 జీబీ స్టిక్‌లు ఉన్నాయనుకోండి. మొదటి స్లాట్‌లో రెండూ పాసై, రెండో స్లాట్‌లో రెండూ ఫెయిలైతే కొత్త ర్యామ్ కొనడం దండగ.

కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి స్టిక్ అంచునున్న బంగారు రంగు పిన్నులు మసకబారవచ్చు. ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఏటవాలుగా దూర్చి క్లిప్పులు పట్టేదాకా నొక్కండి. కొన్నిసార్లు అంతటితోనే బాగవుతుంది.

ఫార్మాట్ కొడితే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. చెడిన ర్యామ్‌తో విండోస్ ఎక్కిస్తే ఆ కొత్త ఫైళ్లు కూడా పాడయ్యే ప్రమాదముంది. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసిన (ఊడదీయలేకుండా అతికించిన) మోడల్ అయితే మార్చి చూడటం కుదరదు, బోర్డు మీది చిప్పులను బాగుచేసే చిప్ లెవెల్ సర్వీసుకే ఇవ్వాలి.