ఓసీడీని చాదస్తం అనొచ్చా?

సందేహం: మా చెల్లికి ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే మానసిక సమస్య) ఉందని డాక్టరు చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లేమో ‘ఒట్టి చాదస్తం’ అని కొట్టిపారేస్తున్నారు. ఆ మాట వాడొచ్చా? అబ్సెషన్, కంపల్షన్ అనేవాటిని అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో ఏమని చెప్పాలి?

సమాధానం: వాడకూడదండీ. ఛందస్సు అంటే వేదం, వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. ఆ ఛాందసమే జనం నోట చాదస్తమై, పట్టిన పట్టు విడవని తత్వానికి పేరుగా నిలిచింది. చాదస్తం ఉన్న మనిషి తను చేసేదే సరైనదనుకుంటాడు, పైగా మనల్నీ అలాగే చెయ్యమంటాడు. ఓసీడీ అలా కాదు. చేస్తున్నది అతి అని వాళ్లలో చాలామందికి తెలుసు, తెలిసి కూడా ఆపుకోలేక నలిగిపోతుంటారు. చాదస్తం అన్న ప్రతిసారీ మీ చెల్లికి ‘నువ్వు కావాలనే చేస్తున్నావు’ అన్నట్టే వినిపిస్తుంది. ఇల్లు నీటుగా సర్దుకునేవాళ్లు ‘నాకు కాస్త ఓసీడీలే’ అనడమూ సరికాదు.

ఇక రెండో ప్రశ్న. కంపల్షన్‌ను నిర్బంధం అంటే ఎవరో పక్కనుంచి బలవంతపెడుతున్నారనిపిస్తుంది. అలవాటు అంటే ఇంకా తప్పు, ఎందుకంటే అలవాటైన పని ఆలోచించకుండానే జరిగిపోతుంది, ఇది మాత్రం భయం తగ్గించుకోవడానికి చేసేది. నా మాట వింటే పారిభాషిక పదాలు పక్కనపెట్టి, మనం రోజూ వాడే క్రియల్ని చూడండి. ‘గ్యాస్ కట్టేశానో లేదో’, ‘చేతికి ఏదైనా అంటుకుందేమో’, ‘నావల్ల ఎవరికైనా ఏమన్నా అవుతుందేమో’. అబ్సెషన్ చాలావరకు ఆ ‘ఓ’లో, ఆ ‘ఏమో’లో ఉంది. అలాంటి అనుమానం మనందరికీ వస్తుంది, ఒకసారి చూసుకుంటే పోతుంది. ఓసీడీలో పోదు. గేటు దాకా వెళ్లిన మనిషి వెనక్కొచ్చి స్టవ్ నాబ్ తిప్పి చూస్తుంది, కట్టేసే ఉంది, కళ్లారా చూసింది, అయినా చెయ్యి తీసిన మరుక్షణం ‘సరిగ్గా చూశానో లేదో’ అని మళ్లీ మొదలు. ఆ వెళ్లి చూడటమే కంపల్షన్. చూస్తే కాసేపు టెన్షన్ తగ్గుతుంది, అలా తగ్గింది కాబట్టే తర్వాతిసారి మళ్లీ చూడాల్సి వస్తుంది. అందుకని అమ్మకు ‘వద్దన్నా వచ్చే ఆలోచన’, ‘చెయ్యకుండా ఉండలేని పని’ అని చెప్పండి, చాలు.

ఆ పని పైకి కనబడాలనేం లేదు. మనసులో లెక్కపెట్టుకోవడం, చెడు ఆలోచన వచ్చినప్పుడల్లా దేవుడి పేరు ఇన్నిసార్లని అనుకోవడం కూడా కంపల్షనే. వీటికి రోజుకు గంటకు పైగా పోతున్నా, చదువూ ఉద్యోగం కుంటుపడుతున్నా అది జబ్బు కిందికి వస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలనుంది. పూజలో కూర్చుంటే బూతుమాటలు మనసులోకి వస్తాయి కొందరికి. పసిబిడ్డకు తన చేతులతోనే హాని చేస్తానేమోనని హడలిపోయే తల్లులున్నారు, అలాంటి తల్లి వంటింట్లో కత్తులు కూడా దాచేస్తుంది. ‘చేస్తానేమో’ అన్న ఆ మాటను మనం డాక్టరు దగ్గర ‘చెయ్యాలనిపిస్తోందట’ అని చెప్పేశామా, భయం కాస్తా కోరికైపోతుంది. ఆమె అన్నది అన్నట్టే చెప్పండి.

‘కట్టేశావులే, నేను చూశాగా’ అని మీరు ఇచ్చే భరోసా కూడా ఆ చూసుకోవడంలో భాగమైపోతుంది, మళ్లీ మళ్లీ అడిగించుకుంటుంది. ఆ పని చెయ్యకుండా, అనుమానాన్ని అలాగే ఉండనిస్తూ కూర్చోవడం నేర్పే చికిత్స ఉంది, లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు 1966లో ఆ దారి చూపించాడు. మందులూ ఉన్నాయి. కాబట్టి మీ చెల్లి అడిగినప్పుడు ఏం అనాలో, భరోసా ఎలా మెల్లగా తగ్గించాలో ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్ని అడిగి, అదే మాట ఇంట్లో అందరూ అనండి.