విశాఖ బీచ్‌కీ, ఊళ్ళో పొలానికీ ఒకే మెటల్ డిటెక్టర్ సరిపోతుందా? పిన్‌పాయింటర్ కూడా కొనాలా?

మీరు అడిగింది రెండు చోట్ల గురించి. ఆర్కే బీచ్, రుషికొండ వైపు సరదాగా వెతుక్కోవాలి, ఆనందపురం దగ్గర తాతగారి పొలంలో, పాత ఇంటి దొడ్లో కూడా చూడాలి, రెండింటికీ కలిపి ఒక్క మెషీన్ చాలా, పిన్‌పాయింటర్ (తవ్విన చోట వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే చేతి కర్రలాంటి చిన్న పరికరం) కూడా కావాలా అని. నేనుండేది లాసన్స్ బే కాలనీలో. పొద్దున్నే దీన్ని భుజాన వేసుకుని బీచ్‌లో తిరగడం ఏళ్ల తరబడి అలవాటు, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు "ఎంత లోతు పడుతుంది" అనే ప్రశ్న పక్కన పెట్టండి. అమ్మేవాళ్ళు మొదట ఎత్తేది అదే. చేత్తో ఊపుకుంటూ తిరిగే మామూలు మెషీన్ రూపాయి బిళ్ళంత వస్తువుని జానెడు లోతులో పట్టిందంటే బాగా పనిచేసినట్టే. పది అడుగులు, ఇరవై అడుగులు అని ఎవరైనా అంటే, అందులోనూ దూరం నుంచే బంగారం ఎటుందో చూపిస్తానని రెండు యాంటెన్నా పుల్లల పరికరం అంటగడుతుంటే, మాట్లాడకుండా వచ్చేయండి. గుప్తనిధుల పిచ్చి ఉన్నవాళ్ళ జేబులు కొట్టడానికే అవి పుట్టాయి.

అసలు తేడా అంతా నేలలో ఉంది. పొడి ఇసుకలో ఏ మెషీనైనా పనిచేస్తుంది. అల తడిపే చోటికి దిగగానే కథ మారిపోతుంది. ఉప్పునీళ్ళలో కరెంటు పారుతుంది కదా, ఒకే ఫ్రీక్వెన్సీ (నేలలోకి పంపే సిగ్నల్ కొట్టుకునే వేగం) మీద నడిచే మెషీన్ ఆ ఉప్పునే లోహం అనుకుని ఊరికే కూస్తుంటుంది. సెన్సిటివిటీ తగ్గిస్తే కూత ఆగుతుంది, దాంతోపాటు లోతూ పోతుంది. దీనికి తోడు మనకి నల్ల ఇసుక ఒకటి. భీమిలి వైపు అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు కనపడతాయి చూడండి, ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలు అవి, అక్కడ అయస్కాంతం పెట్టి తీస్తే చివర గడ్డం మొలిచినట్టు నల్లరేణువులు అంటుకుంటాయి. ఉప్పు ఒకలా, ఈ ఇసుక ఇంకొకలా మెషీన్‌ని తికమక పెడతాయి, ఒకే ఫ్రీక్వెన్సీతో రెండింటినీ ఒకేసారి సర్దుబాటు చేయడం కష్టం.

కాబట్టి బీచ్ మీ లిస్టులో ఉందంటే మల్టీ ఫ్రీక్వెన్సీ, అంటే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే మెషీన్ తీసుకోండి. మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ తక్కువలో వస్తుంది, కానీ అందులో 340, 440, 540 రకాలకి కాయిల్, అంటే నేల మీద ఊపే కింది పళ్ళెం, మాత్రమే నీళ్ళలో ముంచొచ్చు, పైన స్క్రీన్ ఉన్న డబ్బాకి తడి తగలకూడదు. ఈక్వినాక్స్, నోక్టా లెజెండ్ అయితే మొత్తం మునిగినా ఫరవాలేదు. గ్యారెట్ ఏస్ 300 చాలామంది చెప్తారు, 8 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది, పొలానికి మంచిదే, తడి ఇసుకకి కాదు. నోక్టా సింప్లెక్స్ ప్లస్ నీళ్ళకి తట్టుకుంటుంది గానీ అదీ 12 కిలోహెర్ట్జ్ ఒక్కటే. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే ఉప్పునీళ్ళలో బాగా వెతుకుతుందని అర్థం కాదు, ఈ రెండూ చాలామంది కలిపేస్తారు. పల్స్ ఇండక్షన్ మెషీన్లు, అంటే సిగ్నల్‌ని ఆగి ఆగి దెబ్బలుగా పంపేవి, ఉప్పునీ నల్ల ఇసుకనీ పట్టించుకోవు, లోతూ బాగా వెళ్తాయి, కాకపోతే మేకుకీ ఉంగరానికీ తేడా చెప్పడం వాటికి పెద్దగా చేతకాదు. ఆర్కే బీచ్‌లో అలాంటిది తిప్పితే సాయంత్రానికి సంచీడు బీరు మూతలు ఏరుకుని ఇంటికొస్తారు.

ఇక చెత్త వదిలేసే సెట్టింగ్, అదే డిస్క్రిమినేషన్, దాన్ని బీచ్‌లో మరీ ఎక్కువ పెట్టకండి. మెషీన్ ఒక్కో లోహానికి స్క్రీన్ మీద ఒక్కో నంబరు చూపిస్తుంది, సన్నటి బంగారు ఉంగరం పలికే నంబరూ, సిగరెట్ పెట్టెలో వెండికాగితం పలికే నంబరూ పక్కపక్కనే ఉంటాయి, కాగితం వద్దనుకుంటే ఉంగరం కూడా పోయినట్టే. మన నాణేలతో ఇంకో తిరకాసు ఉంది, 1992 నుంచి వస్తున్న రూపాయి బిళ్ళ స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అతుక్కుంటుంది, అందుకని ఇనుము వద్దని పెట్టుకున్న మెషీన్ దాని మీద తడబడుతుంది. విదేశీ వీడియోల్లో చూపించే కాయిన్ నంబర్లు ఇక్కడ పనికిరావు. ఇంట్లో ఉన్న చిల్లర, ఒక ఉంగరం, ఒక పట్టీ నేల మీద పరిచి ఏది ఎలా పలుకుతుందో మీరే రాసుకోండి.

పిన్‌పాయింటర్ సంగతి. కొనాలి, మెషీన్‌లో కాస్త తక్కువ రకంతో సరిపెట్టుకునైనా సరే కొనాలి. రుషికొండలో ఒకావిడ వెండి పట్టీ పోయిందని ఏడుపు మొహంతో నిలబడితే వెతికిపెట్టాను. పట్టీ, గొలుసు లాంటివి మెషీన్‌కి ఒక ముక్కలా కనపడవు, లంకె లంకెకీ విడివిడిగా బలహీనంగా పలుకుతాయి, శీల దగ్గరో మువ్వ దగ్గరో మాత్రం కాస్త గట్టిగా వినపడుతుంది. కాయిల్‌ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పితే రెండు గీతలూ కలిసిన చోట తవ్వాలి, తవ్వాను, నీళ్ళూరి గుంత గోడలు కూలిపోతున్నాయి, కూలే కొద్దీ వస్తువు ఇంకా కిందికి జారుతుంది. అలాంటప్పుడు గుంతలో చేత్తో కెలక్కూడదు. చిల్లుల గరిటెతో లోతుగా ఒక్క ఎత్తున తీసి పొడి ఇసుక మీద గుమ్మరించి, ఆ కుప్పలో పిన్‌పాయింటర్ మొన గుచ్చి చూస్తే రెండో కుప్పలో వణికింది. మొన చుట్టూ రెండంగుళాల లోపలే అది పలుకుతుంది కాబట్టి ఇంక వేళ్ళతో తీసేయడమే. గ్యారెట్ ప్రో పాయింటర్ ఏటీ, ఆ నారింజ రంగుది, 20 అడుగుల నీళ్ళ దాకా తట్టుకుంటుంది. ఉప్పునీళ్ళలో వాడేటప్పుడు మొన నీళ్ళలో ఉంచే ఆన్ చేయండి, ఊరికే వణకడం తగ్గుతుంది. నడుం లోతు నీళ్ళలో వెతకాలనుకుంటే పల్స్ రకం పిన్‌పాయింటర్ మేలు, కానీ మన తీరంలో ప్రవాహాలు మనుషుల్ని లాగేస్తాయి, మోకాలు దాటి దిగకండి.

పొలానికి వస్తే ఎర్రమట్టిలో ఇనుము పాలు ఎక్కువ, అందుకని అడుగుపెట్టిన ప్రతిసారీ లోహం లేని చోట కాయిల్‌ని పైకీ కిందికీ ఆడించి గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి, అంటే ఆ మట్టికి కూయకుండా మెషీన్‌ని సర్దాలి. దొడ్లో మేకులు, పెంకుల ఇనుప ముక్కలు దట్టంగా ఉంటాయి కాబట్టి ఆరంగుళాల చిన్న కాయిల్ ఒకటి కొనుక్కోండి. పెద్ద కాయిల్ కింద మేకూ నాణెమూ కలిసి ఒకే కూతగా వినపడతాయి. గట్టినేలలో ఉప్పు బాధ లేదు కాబట్టి మామూలు పిన్‌పాయింటర్ చాలు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి వెతికేవాళ్ళున్నారు, వెండి మీద గీత పడితే ఇంక పోదు.

ఒకటి మాత్రం సీరియస్‌గా. సొంత పొలంలో దొరికినా సరే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాచిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, ఎర్రమట్టి దిబ్బలు, వీటి ఛాయలకి మెషీన్‌తో పోవద్దు. నేవీ గోడల పక్కన కూడా అంతే, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, మీ వివరణ వినే ఓపిక వాళ్ళకి ఉండదు.

బీచ్ నుంచి రాగానే కాయిల్ కింది ప్లాస్టిక్ మూత తీసి మంచినీళ్ళతో కడగండి. నల్ల ఇసుక అందులో చేరిపోతే మర్నాడు ఏమీ లేనిచోట కూడా కూస్తుంది, చాలామంది మెషీన్ పాడైందనుకుని రిపేర్‌కి పట్టుకెళ్తారు.