సరీసృపం ఎగురుతుందా?

సందేహం: పిల్లల పత్రికకు రాసిన వ్యాసానికి ‘ఎగిరే సరీసృపాల శిలాజాలు’ అని పేరు పెట్టాను. సరీసృపమంటే పాకేది కనుక అది ఎగరడం పొసగదనీ, ‘ఎగిరే డైనోసార్లు’ అని మార్చమనీ ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: మీరు పెట్టిన పేరే సరి. ‘సృప్’ ధాతువు నుంచి వచ్చిన ‘సరీసృపం’ అనే మాటకు అదేపనిగా పాకేది అని వ్యుత్పత్తి ఉన్నమాట నిజమే కాని, వ్యుత్పత్తిని పట్టుకునే వాడాలంటే నువ్వుల నుంచి తీసింది తప్ప మరేదీ నూనె కాకూడదు. మనం కొబ్బరినూనె అని నిశ్చింతగా అంటున్నాం. పక్షాలు, అంటే రెక్కలు, ఉన్నదల్లా పక్షే అయితే గబ్బిలాన్నీ పక్షుల్లో చేర్చవలసి వస్తుంది. జీవశాస్త్రంలో ‘సరీసృపం’ ఒక వర్గానికి పేరు. ఏ ప్రాణి ఆ వర్గంలోదో దాని దేహనిర్మాణం చెబుతుంది, నడక కాదు. శిలాజం విషయంలో చూడటానికి మిగిలేది ఎలాగూ ఎముకలే.

ఈ పొసగనితనం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. జర్మనీలోని ఐష్టెట్ ప్రాంతపు సున్నపురాతిలో దొరికిన చిన్న అస్థిపంజరాన్ని 1784లో వర్ణించిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు కొలీనీ దాన్ని సముద్రజీవి అనుకోగా, ఫ్రెంచి పండితుడు క్యువియే 1801లో సరీసృపమని గుర్తించి, 1809 నాటి వ్యాసం శీర్షికలోనే ‘ఎగిరే సరీసృపం’ అన్నాడు. ఆయన వాడిన ఫ్రెంచి మాటకూ మూలార్థం పాకేదనే! అయినా 1812లో జర్మన్ శాస్త్రజ్ఞుడు జొమ్మరింగ్ దాన్ని గబ్బిలానికీ పక్షికీ నడుమ నిలిపాడు.

ఆ రాతిపలకలో చేతికి గోళ్ళున్న పొట్టివేళ్ళు మూడు, వాటికి ఎన్నో రెట్లు పొడవుగా సాగి రెక్కపొరను మోసిన నాలుగో వేలు ఒకటి కనిపిస్తాయి. అందుకే క్యువియే గ్రీకు మాటలతో ‘రెక్కవేలు’ అనే అర్థం వచ్చే పేరు కట్టాడు. మనం టెరోడాక్టైల్ అంటున్నది దాన్నే. తొలి అచ్చులో రెక్క అని అర్థమిచ్చే ‘ప్టెరో’ (ptero) అక్షరాలు తారుమారై ‘పెట్రో’ (petro) అని పడటంతో అది కాస్తా ‘రాతివేలు’ అయింది. శిలాజానికి అదీ నప్పే పేరే. బొటనవేలి నుంచి లెక్కిస్తే నాలుగోది మన ఉంగరపువేలు, అంటే అనామిక. పేరులేని వేలు ఒక ప్రాణికి పేరు పెట్టిందన్నమాట.

ఇక ‘ఎగిరే డైనోసార్లు’ అనడం భాషాదోషం కాదు, విషయదోషం. ఇవి డైనోసార్లకు దగ్గరి చుట్టాలైనా వేరే శాఖకు చెందినవి. ఆ శాఖ మొత్తానికి పేరు టెరోసార్లు. టెరోడాక్టైల్ అందులో ఒక్క ప్రజాతి మాత్రమే కనుక వ్యాసంలో అన్నింటికీ ఆ పేరు వాడి ఉంటే మార్చండి.