కింద ఉన్నవారి చేతులు

చిరంజీవి బంగారుతల్లికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. వచ్చే నెల జుజిత్సు పోటీకి పేరు ఇచ్చావని, రెండు నెలలుగా కాలేజీ అయిపోగానే గచ్చిబౌలి వెళ్ళి ఒకే పట్టు సాధన చేస్తున్నావని చెప్పింది. ఎదుటి పిల్లను వెల్లకిలా పడేసి, మీదికెక్కి కూర్చుని, ఆమె కాలర్‌తోనే ఆమె గొంతు బిగించే పట్టు. "దాని మెడకేమైనా అయితే ఎలా అన్నయ్యా?" అని ఏడ్చింది. ధైర్యం చెప్పి పెట్టేశాను కానీ తెల్లవార్లూ నాకు కునుకు లేదు. నా భయం నీ మెడ గురించి కాదు, నీ కింద పడుకునే పిల్ల మెడ గురించి. ఆ సంగతి మీ అమ్మతో అనలేక నీకు రాస్తున్నాను.

ముందు నా సంతోషం చెప్పనివ్వు. మీ తాతయ్య పాతబస్తీ తాలింఖానాలో కుస్తీ పట్టిన మనిషి. మీ అమ్మ చిన్నప్పుడు ఆయనకు మజ్జిగ చెంబు తీసుకెళ్ళేది. ఆడపిల్ల లోపలికి అడుగు పెట్టకూడదని గుమ్మంలోనే పెట్టి వచ్చేసేది. లోపల తొడలు చరిచే చప్పుడు వింటూ కాసేపు గోడకు ఆనుకుని నిలబడేదని నాకు తెలుసు. ఇవాళ ఆమె కూతురు పోటీకి దిగుతోందంటే నా గుండె నిండిపోయింది.

తాతయ్య కుస్తీలో ఎదుటివాడి భుజాలు మట్టికి ఆనితే ఆట ముగిసినట్టే. గొంతు పట్టడం తప్పు. నీ ఆటలో వీపు ఆనాకే అసలు పని మొదలవుతుంది. ఈ పట్టు మా జూడో నుంచే మీకు వచ్చింది. జిగోరో కానో 1882లో స్థాపించిన కొడోకాన్ అనే జూడో బడిలో నేర్చుకున్న మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరారు, అక్కడ గ్రేసీ కుటుంబం ఆయన విద్యను అందుకుంది. మీరు క్రాస్ కాలర్ చోక్ అనేదాన్ని మేము జూజీ జిమె అనేవాళ్ళం. జపాను లిపిలో పది అంకె కూడిక గుర్తులా ఉంటుంది. చేతులు రెండూ ఆ ఆకారంలో దాటుకుంటాయి కాబట్టి ఆ పేరు.

గోళ్ళు కత్తిరించుకో. బరువు తూగడం కోసం నీళ్ళు తాగడం మానకు. ఈ రెండూ మీ కోచ్ గారు చెప్పే ఉంటారు.

మొదటి చెయ్యి వేసేటప్పుడు తొందర వద్దు. అరచెయ్యి పైకి, నాలుగు వేళ్ళూ కాలర్ లోపల, చెవి దాటి మెడ వెనక్కి వెళ్ళేదాకా జరుపు. అది లోతుగా పోకపోతే రెండో చెయ్యి వేసి లాభం లేదు. ఆ రెండో చెయ్యి వేసే క్షణంలోనే నీకు గండం. నీ చేతులు రెండూ కాలర్‌లో చిక్కుకుని ఉండగా ఆమె నడుమెత్తి పక్కకు దొర్లిస్తే, ఆనుకోవడానికి నీకు చెయ్యి ఉండదు. అందుకని ముందే మోకాళ్ళు వెడల్పు చేసుకో, పాదాలు ఆమె తుంటి కిందికి దూర్చు. రెండో చెయ్యి పడగానే ఆమె తల పక్కన నీ నుదురు మ్యాట్‌కు ఆనించు. అప్పుడు నుదురే నీకు మూడో చెయ్యి. ఇక భుజబలంతో లాగకు. మణికట్లు తిప్పి, మోచేతులు నీ పక్కటెముకల దగ్గరికి తెచ్చుకుని, ఛాతీ నిండా ఊపిరి పీల్చు.

నీ మణికట్టు ఎముక గొంతుకు ముందువైపు, శ్వాసనాళం మీద నొక్కుకుంటోందంటే చెయ్యి సరిగా పడలేదన్నమాట. దగ్గు, నొప్పి, లోపల మృదులాస్థికి దెబ్బ తప్ప మరేమీ రాదు. వదిలేసి మళ్ళీ పట్టు. ఒత్తిడి మెడకు రెండు పక్కలా ఉండే ధమనుల మీద పడాలి. మెదడు మన బరువులో 2 శాతమే ఉన్నా ఒంట్లోని ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం అదే వాడుకుంటుంది. నెత్తురు అందకపోతే దాదాపు 10 సెకన్లలో స్పృహ పోతుంది. సరిగ్గా పడిన చోక్ పెద్దగా నొప్పి పెట్టదు, తల్లీ. నొప్పి లేకపోతే కేక కూడా ఉండదు.

ఇప్పుడు 1986 సంగతి చెబుతాను. మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకు 22 ఏళ్ళు. నారాయణగూడలో ఒక అద్దె హాల్లో, కొబ్బరిపీచు పరుపుల మీద కాన్వాసు గుడ్డ పరిచి సాధన చేసేవాళ్ళం. నాది 71 కిలోల విభాగం, నా జతగాడిది 65. ఇద్దరం ఒకే బస్సెక్కి వచ్చి ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆ సాయంత్రం జట్టును ఎంపిక చేసే పెద్దలు వచ్చి తలుపు దగ్గర కుర్చీల్లో కూర్చున్నారు. ఆ రోజుల్లో 30 సెకన్లు అదిమిపెడితే గెలుపే. నేను వాడిని అదిమిపెట్టేశాను, అంతటితో ఆగవచ్చు. ఆగలేదు. వాళ్ళ కళ్ళలో పడాలనిపించింది. మోకాళ్ళు పైకి జరిపాను. వాడి ఒక చెయ్యి నా మోకాలి కింద ఇరుక్కుంది, రెండోది మా ఛాతీల మధ్య నలిగింది. కాలర్‌లో చేతులు వేసి ఉడుంపట్టు పట్టాను. తల మాత్రం ఎత్తి తలుపు వైపు చూస్తున్నాను.

వాడి మడమ పరుపును తట్టింది. మన ఆటల్లో తట్టడమంటే ఓడిపోయాను, వదిలెయ్ అని. విన్నాను. తప్పించుకోవడానికి తన్నుకుంటున్నాడని ఇంకాస్త బిగించాను. మళ్ళీ తట్టింది. తర్వాత ఆగిపోయింది. అలసిపోయాడనుకున్నాను. అప్పుడు గురక వినిపించింది. నిద్రలో వచ్చే గురకలాంటిదే. పక్కన సాధన చేస్తున్న కుర్రాడు కేక వేస్తే కిందికి చూశాను. ఆ ముఖం ఇక్కడ వర్ణించను. అప్పటికి 108 లేదు, అది 2005లో వచ్చింది. కాళ్ళు ఎత్తి పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాం. కళ్ళు తెరిచి, "మన బస్సు వెళ్ళిపోయిందా?" అని అడిగాడు.

వాళ్ళింటి దాకా దిగబెట్టాను. గొంతు బొంగురుపోయి ఉంది. "చలిగాలికి పట్టేసిందమ్మా" అని వాళ్ళమ్మతో నేనే అబద్ధమాడాను. ఆవిడ మిరియాల చారు కాచి వాడితో పాటు నాకూ వడ్డించింది. తిన్నాను. వాడు నా వైపు చూశాడు కానీ నిజం చెప్పలేదు. ఆ ఏడు దసరా తర్వాత సాధనకు రావడం మానేశాడు. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ మనింటికి వస్తాడు. నువ్వు చూసే ఉంటావు, చొక్కా పై గుండీ ఎప్పుడూ పెట్టుకోడు.

పై నుంచి రెండు చేతులూ బంధించావంటే "చాలు" అని చెప్పే దారి కూడా మూసేసినట్టే. గొంతు నీ పిడికిట్లో ఉంది, నోటితోనూ చెప్పలేదు. అప్పుడు ఆమె తరఫున నువ్వే కనిపెట్టుకుని ఉండాలి. నుదురు మ్యాట్‌కు ఆనిస్తే నీ చెవి ఆమె నోటి పక్కనే ఉంటుంది. మూలుగైనా గురకైనా అందరికంటే ముందు నీకే వినిపిస్తుంది. నీ చేతులను పీకుతున్న వేళ్ళు ఉన్నట్టుండి మెత్తబడితే వదిలెయ్. మడమ చప్పుడు వింటే వదిలెయ్. రెఫరీ ఆపుతారులే అనుకున్నావో, నేను ఊరుకోను! ఆయనకు కొన్నిసార్లు నీ వీపు తప్ప ఏమీ కనిపించదు. మౌంట్‌లో, అంటే అలా మీదికెక్కి కూర్చుని, 3 సెకన్లు నిలిస్తే 4 పాయింట్లు ఎలాగూ వస్తాయి. నీకు తొందరేముంది?

ఎవరికైనా స్పృహ తప్పితే ఆ రోజుకు వాళ్ళ ఆట ముగిసినట్టే, తేరుకున్నా సరే. క్షణాల్లో లేవకపోతే 108కు ఫోను చెయ్యాలి. తర్వాత తలనొప్పి, చూపు మసక, మాట తడబాటు, ఒకవైపు బలహీనత, మెడ నొప్పి, గొంతు మారడం, వీటిలో ఏది కనిపించినా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది నీకూ వర్తిస్తుంది. నువ్వు కింద పడితే ముందే ట్యాప్ చెయ్, తట్టి ఒప్పేసుకో. పట్టుదలకు పోకు. మీ అమ్మకు ఒక్కదానివి.

ఆదివారం ఇంటికి రా, నీ సాధన దుస్తులు, ఆ గి తెచ్చుకో. నా మెడ ఇక ఒత్తిడికి తట్టుకోదు, బిగించకుండా పట్టు వేసి చూపిస్తే చాలు. నా చేతులు రెండూ ఇరికించు. అత్తయ్యను రేడియో గట్టిగా పెట్టమంటాను. నేను ఎప్పుడో ఒకసారి మడమతో నేల తడతాను, నీకు వినిపిస్తుందో లేదో చూద్దాం. అమ్మను కూడా తీసుకురా. పరుపు పక్కనే కుర్చీ వేసి కూర్చోబెడదాం.

నీ
మామయ్య