సూడో-ఇసిడోర్ చర్చి చట్ట సంకలనం నకిలీదని ఎలా బయటపడింది?

ఈ సంకలనం 9వ శతాబ్దం మధ్యలో ఫ్రాంకుల రాజ్యంలో తయారైంది. కూర్చినవాడు ఇసిడోర్ మెర్కేటర్ అని ముందుమాటలో ఉంటుంది కానీ, అది కల్పిత పేరు. తొలి శతాబ్దాల పోపులు రాసినట్టుగా పదుల కొద్దీ ఉత్తరాలు అల్లి, అసలైన చర్చి సభల తీర్మానాల పక్కన చేర్చారు. ఆర్చిబిషప్పులూ పాలకులూ బిషప్పులను సులువుగా పదవి నుంచి దింపకుండా చూడటం నకిలీదారుల ముఖ్య ఉద్దేశం.

గుట్టు రట్టు చేసింది అందులోని వాక్యాలే. 4వ శతాబ్దం చివర్లో జెరోమ్ చేసిన లాటిన్ బైబిల్ అనువాదంలోని మాటలు 2వ శతాబ్దపు పోపు ఉత్తరంలోకి ఎలా వస్తాయి? 1628లో ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్ పండితుడు డేవిడ్ బ్లాండెల్ ఇలాంటివి వరసగా ఎత్తి చూపాక ఇక వాదనకు చోటు మిగల్లేదు.

ఈ సంకలనం రాతప్రతులు నేటికీ వందకు పైగా ఉన్నాయి. కానీ నన్ను కదిలించేవి అవి కాదు, నకిలీదారులు ముందు పెట్టుకుని పనిచేసిన పుస్తకాలు. ఉత్తర ఫ్రాన్స్‌లోని కోర్బీ మఠానికి చెందిన ప్రతుల అంచుల్లో చిన్న చిన్న గుర్తులున్నాయని జర్మన్ పండితుడు క్లాస్ జెకీల్-ఎకెస్ గమనించారు. గుర్తు పెట్టిన ఆ వాక్యాలే నకిలీ ఉత్తరాల్లో కనిపించాయి! ఏ వాక్యం ఎత్తుకోవాలో వాళ్ళు పెట్టుకున్న ఆనవాళ్ళు చర్మపత్రాల మీద ఇంకా అలాగే ఉన్నాయి.