రెండు మందులు వాడినా పిల్లాడికి ఫిట్స్ ఆగట్లేదు. తర్వాత ఏం చేయాలి?

సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు తగిన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూడో మందు రాసేముందు అది నిజంగా లొంగనిదేనా అని తేల్చుకోవాలి. పిల్లాడు 12 కిలోల నుంచి 18 కిలోలకు పెరిగినా సిరప్ పాత డోసు దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. సీసా బాగా కుదపకపోతే కార్బమజెపిన్ (ఫిట్స్‌కు వాడే ఒక మందు) సిరప్ అడుగున పేరుకుంటుంది, పైనున్న పల్చటి మందే బిడ్డకు అందుతుంది. పైగా ఆబ్సెన్స్ (కాసేపు చూపు నిలిచిపోయే), మయోక్లోనిక్ (ఉలిక్కిపడ్డట్టు ఒళ్లు కుదిపే) ఫిట్స్‌నీ, పసితనంలోనే మొదలయ్యే జన్యుపరమైన మూర్ఛ అయిన డ్రావే సిండ్రోమ్‌నీ ఈ మందే ముదరబెడుతుంది. అసలవి ఫిట్సేనా అన్నది వీడియో తీస్తూ మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే వీడియో ఈఈజీలో తేలుతుంది. ఇంట్లో ఫోన్‌లో తీసిన వీడియో కూడా డాక్టరుకు చూపించండి.

తర్వాత మూర్ఛ ప్రోటోకాల్‌తో (మూర్ఛ మూలాన్ని వెతికే ప్రత్యేక పద్ధతిలో) 3 టెస్లా ఎంఆర్ఐ, అంటే శక్తిమంతమైన అయస్కాంతంతో మెదడు స్కాన్. మామూలు స్కాన్‌లో దొరకని చిన్న డిస్‌ప్లేసియా (మెదడు పొర సరిగ్గా ఏర్పడని) మచ్చ ఇందులో కనబడొచ్చు. ఫిట్స్ అక్కడినుంచే వస్తున్నాయని తేలితే సర్జరీని ఆఖరి అస్త్రంగా దాచుకోవద్దు, ఆలస్యమైనకొద్దీ నష్టపోయేది బిడ్డ ఎదుగుదలే.

సర్జరీ కుదరకపోతే కీటోజెనిక్ డైట్ (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం చాలా తక్కువ ఉండే ఆహారం): 4 గ్రాముల కొవ్వుకు ప్రోటీన్, పిండిపదార్థం కలిపి 1 గ్రాము. కొవ్వును వాడుకోలేని జన్యులోపాలు లేవని ముందే పరీక్షించాలి. జ్వరం సిరప్‌లోని చక్కెర చాలు, ఈ డైట్‌లో కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లు పడిపోవడానికి. మెదడుకు గ్లూకోజ్ సరిగ్గా చేరని గ్లూట్1 లోపానికైతే మొదటి చికిత్స ఈ డైటే.

పాత మందులు మాత్రం ఒక్కసారిగా మానేయకండి. ఫిట్ 5 నిమిషాలు దాటితే ముక్కులో ఫిట్‌ను ఆపే మిడజోలం స్ప్రే కొట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.